పగలు పండుకునేవాళ్ల కూలర్

ఎంబీఏ పాసైన కొత్తలో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఏది చూసినా నాలుగు గళ్లే కనిపిస్తాయి. ఒక గడిలో బలాలు, ఒక గడిలో బలహీనతలు, ఇంకో దాంట్లో అవకాశాలు, చివరి దాంట్లో ముప్పులు. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన కాలం అది. ఖమ్మం బస్టాండు ఎదుట ఇడ్లీ బండి దగ్గర నిలబడి, పల్లీ చట్నీని బలాల్లోనూ సాంబారును ముప్పుల్లోనూ వేసుకుంటూ తిన్న రోజులవి. హాస్టల్లో నా గది పిల్లకు పెళ్లిచూపులైతే, అడక్కపోయినా ఆ పెళ్లికొడుకును కూడా నాలుగు గళ్లలో కూర్చోబెట్టి ఇచ్చాను. (ఆ పిల్ల అతన్నే చేసుకుంది. నాతో మాత్రం ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది.) ఇలాంటి దానికి ఉద్యోగం ఎవరిస్తారని మీకు అనుమానం రావచ్చు. ఇచ్చారు. ఇవ్వడమే కాదు, దానికి ‘స్ట్రాటజీ’ అని పేరు పెట్టి, రేకుల షెడ్డులో ఒక మూల బల్ల, కుర్చీ కూడా వేశారు.

మాది కూలర్ల కంపెనీ. అసలు సిసలు ఇనుప కూలర్లు. మూడు వైపులా గడ్డి, చుట్టూ జీఐ రేకు, కింద నీళ్ల తొట్టి, ముందు పెద్ద ఫ్యాను. ఓనరుగారిని అందరూ పెద్ద సాబ్ అనేవాళ్లు. వాళ్ల తాత ట్రంకు పెట్టెలు చేశారట, తండ్రి ముందు నీళ్ల డ్రమ్ములు చేసి, బొగ్గు గనుల ఊళ్లు పెరిగి ఎండలు ముదిరాక కూలర్లు మొదలుపెట్టారట. మూడు తరాల నుంచి ఆ షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బ ఆగలేదని ఆ వీధి వాళ్లు చెప్పుకుంటారు. వీధివాళ్ల గొంతులు కూడా అలాగే ఉంటాయి. ఖమ్మంలో ఎక్కడైనా ఎవరైనా గట్టిగా అరిచి బేరమాడుతుంటే వాళ్లది మా వీధే అని గుర్తుపట్టవచ్చు.

నా ఇంటర్వ్యూ కూడా ఆ సుత్తి దెబ్బల మధ్యే జరిగింది. పెద్ద సాబ్ నా సర్టిఫికెట్లు చూడలేదు. "ఏ ఊరు బేటీ మీది?" అని అడిగారు. మణుగూరు అని, నాయిన ఓసీలో, అంటే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, డంపర్ నడుపుతాడని చెప్పాను. "మీ ఇంట్ల ఏం కూలర్?" అన్నారు. "మీదే సాబ్," అన్నాను. "రేపట్నించి రా," అన్నారు. నేను చదివిన పుస్తకాల్లో ఇంటర్వ్యూ గురించి ఒక అధ్యాయమంతా ఉంది. అందులో ఇది లేదు.

పెద్ద సాబ్‌కు స్ట్రాటజీ అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ ఏడాది ఖమ్మంలో ఒక సిటీ కంపెనీ వాళ్లు షోరూం తెరిచారు. అద్దాల వెనక తెల్లటి ప్లాస్టిక్ కూలర్లు. వాటికి చక్రాలు, రిమోటు. చప్పుడు మాత్రం లేదు. పెద్ద సాబ్ రోజూ సాయంత్రం ఆ షోరూం ఎదురుగా ఉన్న అరటిపళ్ల బండి దగ్గర నిలబడి, పళ్లు బేరం చేస్తున్నట్టు నటిస్తూ, లోపలికి ఎంతమంది వెళ్తున్నారో చూసేవారు. ఊరికే నిలబడితే బాగుండదని ప్రతిసారీ ఒక హస్తం పళ్లు కొనేవారు. మాకు షెడ్డులో మధ్యాహ్నం, సాయంత్రం అరటిపళ్లే పెట్టేవారు. పళ్ల సంఖ్య పెరుగుతున్న కొద్దీ సిటీ కంపెనీ వ్యాపారం పెరుగుతోందని మాకు అర్థమయ్యేది. కూలర్ల వ్యాపారం శివరాత్రి నుంచి మృగశిర దాకానే. ఆ నాలుగు నెలల్లో అమ్ముకున్నదే మిగతా ఏడాదంతా షెడ్డులో ఉన్న అందరి పొయ్యిలూ వెలగడానికి. ఒక్క సీజను దెబ్బతింటే సుత్తి ఆగిపోతుంది. ఆ సంగతి ఎవరూ పైకి అనేవాళ్లు కాదు గానీ అరటిపండు వలిచేటప్పుడు అందరి మొహాల్లో కనిపించేది.

నేను చార్టు మీద నాలుగు గళ్లు గీసి గోడకు అంటించాను. "పోటీల మన బలం ఏందో కనిపెట్టాలె సాబ్," అన్నాను. "అంటే, మన దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేనిది. వాళ్లు ఎంత ఎగిరినా తెచ్చుకోలేనిది."

పెద్ద సాబ్ చాలాసేపు ఆలోచించారు. "నాకు షుగరుంది," అన్నారు. "వాళ్లకుందో లేదో తెల్వది."

నేను దాన్ని చార్టులో రాయలేదు. గట్టి రేకు, ఎప్పుడు తెచ్చినా బాగుచేసి ఇవ్వడం, ఇవి బలాల్లో రాశాను. బలహీనతల గడిలో మాత్రం ఎర్ర పెన్నుతో ఒకే మాట రాసి కింద రెండు గీతలు గీశాను. చప్పుడు. "మన కూలర్ నడుస్తుంటే పక్కనే పిడుగు పడ్డా ఇనపడది సాబ్," అన్నాను. "అవ్," అన్నారాయన. ఆ ‘అవ్’లో కొంచెం గర్వం ఉన్నట్టు నాకు అనిపించింది. స్ట్రాటజీలో గర్వానికి గడి లేదు కాబట్టి పట్టించుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ చప్పుడు మీద నాకు పాత పగ ఉంది. ఆరో తరగతి నుంచి నేను హాస్టళ్లలోనే చదివాను. ఎండాకాలం సెలవులకు ఇంటికొస్తే, ఉన్న ఒక్క గదిలో నైట్ షిఫ్టు చేసొచ్చిన నాయిన పగలంతా కూలర్ ముందు పడుకునేవాడు, నేను ఆ మూల కూర్చుని ఎంట్రన్సుకు చదివేదాన్ని. నేను చదివేది ఆ కూలర్ నమిలి మింగేది. నాకు ర్యాంకు రాకపోవడానికి కారణం ఆ కూలరే అని అప్పట్లో గట్టిగా నమ్మాను, అందరికీ చెప్పాను కూడా. (మా అమ్మకు వేరే అభిప్రాయం ఉండేది.) పగ తీర్చుకునే అవకాశం జీతంతో పాటు దొరకడం అందరికీ జరిగేది కాదు. కాబట్టి నా సలహా సూటిగా ఉంది. చప్పుడు చేయని ఇనుప కూలర్ చేద్దాం. రేకు మనదే, గట్టితనం మనదే, నిశ్శబ్దం వాళ్లది. దానికి పేరు కూడా పెద్ద సాబే పెట్టారు. ‘ఖామోష్’, అంటే చప్పుడు చేయనిది.

ఖామోష్‌కు ఫ్యాను మార్చాం. పెద్ద రెక్కలు తీసేసి నెమ్మదిగా తిరిగే చిన్న రెక్కలు వేశాం. మోటారు కింద రబ్బరు, రేకుకు రేకుకు మధ్య స్పాంజి. చప్పుడు పరీక్ష చేసే బాధ్యత ఫిట్టర్లలో పెద్దవాడైన రివిట్ భాయ్‌కి అప్పగించాను. ఆయన చెవి దగ్గరగా పెట్టి విని, "ఏమీ లేదమ్మా, సాఫ్," అన్నాడు. నాకు పట్టలేని సంతోషం. జీవితమంతా రేకు కొట్టీ కొట్టీ ఆయనకు ఒక చెవి పూర్తిగానూ రెండోది పాక్షికంగానూ పోయాయని, ఆయన లెక్కలో పాత కూలర్ కూడా సాఫేనని నాకు తర్వాత తెలిసింది. కానీ అదృష్టవశాత్తూ ఖామోష్ నిజంగానే చప్పుడు చేయలేదు. ఆ విషయంలో నా మీద ఎవరూ ఫిర్యాదు చేయడానికి లేదు.

సీజనంతా ఖామోషే చేయాలంటే పాత పెద్ద ఫ్యాన్ల అచ్చులు తుక్కుకు వేసి, ఆ డబ్బుతో కొత్త మోటార్లు తెప్పించాలి. అచ్చులు పోయాయంటే వెనక్కి రావడం ఉండదు. అందుకని ముందు కొన్ని చేసి ఎక్కడైనా పెట్టి చూద్దామన్నాను. ఎక్కడ పెట్టాలన్న దానికి పెద్దగా ఆలోచించలేదు. మా సరుకు ఎక్కువ పోయేది గనుల కాలనీలకే, అందులో మా నాయిన వాళ్ల కాలనీ ఉండనే ఉంది. పాత కూలర్ ఇచ్చి కొత్తది ఉచితంగా తీసుకోవాలి, ఎలా ఉందో నాకు చెప్పాలి, అంతే. ట్రాలీ వెంట నేనూ మణుగూరు వెళ్లాను.

ట్రాలీ మా క్వార్టర్ల లైనులోకి వచ్చేసరికి నాయిన రోడ్డు మీదే ఉన్నాడు. "మా బిడ్డ తయారు చేసింది," అని వచ్చేపోయే వాళ్లందరికీ చెబుతున్నాడు. నేను స్క్రూడ్రైవరు కూడా పట్టుకోలేదని చెప్పబోతే, "నువ్వు ఊకో," అన్నాడు. మధ్యాహ్నానికల్లా లైనంతా ఖామోష్‌లు దిగాయి, పాతవి ట్రాలీ ఎక్కాయి. ఒక్క ఇంట్లో మాత్రం కుదరలేదు. అది కయ్యాల మామ క్వార్టరు. ఆయనా నాయినా ఒకే గనిలో, ఒకే షిఫ్టులో, గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో ఉంటూ, మునగచెట్టు కొమ్మ ఎవరి దొడ్లోకి వంగిందన్న విషయం మీద ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదు. నేను బతిమాలాను. "మీ నాయిన బిడ్డ చేసిన దాని ముంగట నేను పండుకోవాల్నా?" అని తలుపేసుకున్నాడు. చార్టులో ‘కొత్తను ఒప్పుకోని వినియోగదారుడు’ అని ఆయన గురించి రాసుకున్నాను. ట్రాలీ కదిలేటప్పుడు అమ్మ నా దగ్గరికి వచ్చి, "సప్పుడు లేకుంటే ఎట్లనే..." అని ఏదో మొదలుపెట్టింది. నాయిన అమ్మ వైపు ఒక చూపు చూశాడు. "జాగ్రత్తగా పో బిడ్డా," అని ముగించింది.

ఖమ్మం వచ్చి వాట్సాప్ గ్రూపు పెట్టాను. రోజూ అడిగేదాన్ని, ఎలా ఉంది, ఎలా ఉంది అని. రోజూ దండాలు, బొటనవేళ్లు, పూలగుత్తులు వచ్చేవి. ఒకాయన, "మన కాలనీ పిల్ల చేసినంక బాగుండక ఏమైతది," అని వాయిస్ పెట్టాడు. ఇంకొకాయన, "గింత మంచి కూలర్ మా తాత కూడా చూడలే," అన్నాడు. నాయిన మరీను. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, గొంతు కొంచెం బొంగురుగా, "కమాల్ ఉంది బిడ్డా. మస్తు నిద్ర పడుతుంది. నువ్వు ఫికర్ చెయ్యకు," అనేవాడు. నేను ఆ వాయిస్‌లన్నీ పెద్ద సాబ్‌కు వినిపించాను. నా చదువులో నేర్పింది ఇదే: వినియోగదారుణ్ణి అడుగు, అతను చెప్పింది విను. అడిగాను, విన్నాను. లైనంతటిలో ఒక్కరు కూడా ఒక్క లోపం చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా ఒక్క లోపం కూడా లేని రిపోర్టు తెస్తే, ముందు "వీళ్లు నీకేమవుతారు?" అని అడుగుతాను. అప్పుడు నన్ను అలా అడిగేవాళ్లు లేరు.

పెద్ద సాబ్ చాలా రోజుల తర్వాత అరటిపళ్లు లేకుండా ఇంటికి వెళ్లిన రోజు అది. "రేపు తుక్కు సేటును రమ్మంటున్న. అచ్చులు ఇచ్చేద్దాం, మోటార్లకు ఆర్డర్ పెట్టేద్దాం," అన్నారు. తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "బేటీ, పాంప్లెట్ మీద ఒక ఫోటో ఉండాలె. నైట్ షిఫ్టు చేసొచ్చిన మీ నాయిన ఖామోష్ ముంగట హాయిగ పండుకున్న ఫోటో. దానికంటే ఏం కావాలె? పోయి తీసుకొని రా." వస్తున్నానని చెబితే నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని పడుకుంటాడని నాకు తెలుసు. ఫోటో సహజంగా రావాలి. అందుకని చెప్పకుండానే తెల్లారి మణుగూరు బస్సెక్కాను.

నేను ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. తలుపు తీసిన అమ్మ నన్ను చూసి సంతోషించాల్సింది పోయి గడపకు అడ్డం నిలబడింది. "నాయిన పండుకున్నాడా?" అన్నాను. "బజారుకు పోయిండు," అంది. నైట్ షిఫ్టు చేసొచ్చి ఈ ఎండలో బజారేంది అన్నాను. "అదే, దవాఖానాకు," అంది. ఏమైంది అని నేను కంగారు పడితే, "ఏం గాలే, ఎవరినో చూడనీకి," అంది. మా అమ్మకు అబద్ధం ఆడే అలవాటు లేదు, అందుకే అది ఏ ఊరికీ చేరకుండా దారిలో బస్సు మారుతూ పోయింది. పక్కకు జరిగి లోపలికి చూశాను. ఖామోష్ చక్కగా నడుస్తోంది. దాని ముందు మంచం ఖాళీగా ఉంది. మంచం మీద తడిగుడ్డ పరిచి, కరివేపాకు, కొత్తిమీర కట్టలు, రెండు సొరకాయలు ఆరబెట్టి ఉన్నాయి. అవి మాత్రం హాయిగా ఉన్నాయి.

గదిలో అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. నిశ్శబ్దం అన్నాను గానీ, ఖామోష్ నిశ్శబ్దంగా ఉందంతే, కాలనీ కాదు. అడవిలోంచి వచ్చిన కోతులు సిమెంటు రేకుల మీద పరుగు పందెం పెట్టుకున్నాయి. ‘పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు’ అని మైకు ఆటో ఒకటి సందు సందుకూ తిరుగుతోంది. సెలవుల పిల్లలు గోడకు బంతి కొడుతున్నారు. ఎదురింటి టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఇంతలో ఓసీలో బ్లాస్టింగ్ సైరను మోగింది, ఆ వెంటనే దబ్బుమని భూమి కదిలి, అల్మారాలో గిన్నెలన్నీ ఒకసారి లేచి కూర్చున్నాయి. పగలు ఈ గదిలో పడుకునే మనిషికి ఇవన్నీ రోజూ ఉండేవేనని, చిన్నప్పటి నుంచి నాకు ఇవేవీ వినపడకపోవడానికి ఒక కారణం ఉందని, అప్పుడు, ఆ సొరకాయల ముందు నిలబడి, మెల్లగా తెలియడం మొదలైంది. ఆ కారణం గోడకు అవతలి నుంచి వినిపిస్తోంది. రైలింజను వంటి ఒక హోరు. కయ్యాల మామ ఇంట్లోంచి.

"పోవద్దే," అంది అమ్మ. వెళ్లాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట గుమ్మం ముందు చెప్పులే చెప్పులు, ఏ పూజకో పిలిచినట్టు. లోపల చాప మీద చాప, దుప్పటి మీద దుప్పటి. ఆ చివర పాత ఇనుప కూలర్, దాని పెద్ద ఫ్యాను రేకులన్నీ దడదడలాడిస్తూ తిరుగుతోంది. దాని ముందు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మా లైను మగవాళ్లందరూ, లుంగీల్లో, బనీన్లలో, ఎవరి దిండు వాళ్లు తెచ్చుకుని, తల పక్కన తల పెట్టి నిద్రపోతున్నారు. మా తాత కూడా చూడలేదన్నాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. మన కాలనీ పిల్ల అన్నాయన గోడవైపు ఉన్నాడు. మధ్యలో నాయిన. ఆయన చెయ్యి కయ్యాల మామ భుజం మీద వేసి ఉంది. ఇద్దరి మొహాలూ చూస్తే మునగచెట్టు లోకంలో పుట్టనే లేదన్నట్టున్నాయి. పైన కోతి ఒకటి ధనామని దూకింది. ఒక్కరు కూడా కదల్లేదు.

"నాయినా," అని పిలిచాను. నాకే వినపడలేదు. గట్టిగా పిలిచాను. అరిచాను. లాభం లేదు. దగ్గరికి వెళ్లి లేపుదామంటే కాలు పెట్టడానికి సందు లేదు. అప్పుడు నాకు తోచిన పని చేశాను. స్విచ్చి ఆపేశాను.

హోరు ఆగిన మరుక్షణం గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. "ఎవడ్రా వాడు!" "కరెంటు పొయ్యిందా?" "ఏందిరా లొల్లి!" అని కళ్లు తెరవకుండానే అరిచారు. తర్వాత కళ్లు తెరిచి నన్ను చూశారు. నేను అంతమంది మగవాళ్లు ఒకేసారి లుంగీలు సర్దుకోవడం, ఒకేసారి సిగ్గుపడటం మళ్లీ ఎక్కడా చూడలేదు. మొట్టమొదట తేరుకున్నది నాయినే.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? ఏం లే, మామతోని జర ముచ్చట పెడదామని వచ్చిన," అన్నాడు.

"అవ్," అన్నాడు కయ్యాల మామ. "ముచ్చట పెడుతున్నం."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏది ముందు బయటికి వచ్చిందో గుర్తులేదు. "కూలర్ బాగలేదని ఒక్క మాట చెప్పొద్దా నాయినా?" అన్నాను.

"బాగుంది బిడ్డా, కూలర్‌కేం?" అన్నాడు. "గాలి మంచిగనే వస్తది. మాకే అలవాటు లేక..." అని ఆగిపోయాడు. ఆయన కళ్లు చూశాను. ఎర్రగా, కింద సంచులు కట్టి ఉన్నాయి. కయ్యాల మామ ఆగలేకపోయాడు. "చెప్పరాదు? మొదటి వారం ఈయన డంపర్ మీద కునుకు తీసిండు. గనిలకు దిగే హాల్‌రోడ్డు మలుపు కాడ. పక్క బండోడు హారన్ కొడితే లేచిండు. లేకుంటే బండి కింద లోయల ఉండేది. ఆ తెల్లారి నేనే ఈయనను రెక్క పట్టుకొని ఇంట్లకు గుంజుకొచ్చి పండపెట్టిన. తర్వాత ఒక్కొక్కడు దిండు పట్టుకొని వచ్చిండు."

గుమ్మంలో, ఆ చెప్పుల మధ్యే కూర్చుండిపోయాను. నేను ఖమ్మంలో కూర్చుని వింటూ మురిసిపోయిన ఆ బొంగురు గొంతు నిద్ర పట్టిన గొంతు కాదు. "అట్ల ఎందుకు చేసినవ్?" అన్నాను. నాయిన దిండు వైపు చూస్తూ, "కొత్త నౌకరీ గద బిడ్డా. మొదటి పనే ఖరాబైందంటే సాబ్ ఉంచుకుంటడా? మావోళ్లందరికి నేనే చెప్పిన, మంచిగుందని చెప్పుండ్రి అని," అన్నాడు. గోడవైపున్న ఆయన, "మేం కొన్నాళ్లైతే అలవాటు చేసుకుందుము బిడ్డా," అని ఓదార్చాడు. వాళ్లు నన్ను ఓదార్చారు. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తే మింగుడు పడదు.

తుక్కు సేటు ఆ పూటే వస్తాడని అప్పుడు గుర్తొచ్చింది. బయటికి పరిగెత్తి పెద్ద సాబ్‌కు ఫోన్ చేశాను. "అచ్చులు ఇయ్యకుండ్రి సాబ్!" అన్నాను. "తక్కెట్ల పెట్టినం బేటీ, ఏమైంది?" అన్నారు. ఏమైందో చెప్పడానికి నాలుగు గళ్లలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మళ్లీ లోపలికి వెళ్లి, స్విచ్చి వేసి, ఫోన్ ఆ కూలర్ ముందు పట్టుకున్నాను. కాసేపయ్యాక బయటికొచ్చి చెవికి పెట్టుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పెద్ద సాబ్ గొంతు వినిపించింది. "ఇది మా అబ్బాజాన్ ఉన్నప్పటి బండి కదా? ఆ రెక్క సప్పుడు నాకు తెల్వదా! ఇంకా నడుస్తుందా బేటీ?" నడుస్తోందని, దాని ముందు మా లైనంతా పడుకుందని, ఖామోష్ ముందు సొరకాయలు పడుకున్నాయని చెప్పాను. అవతల ఎవరితోనో, "సేట్, దించు దించు, తక్కెట్లకెళ్లి దించు," అంటున్నది వినపడింది. ఆ సంతోషంలో నన్ను తీసెయ్యడం మరిచిపోయారు. తర్వాత కూడా గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మర్నాడు ట్రాలీలో పాత కూలర్లన్నీ తిరిగొచ్చాయి. మా లైను ఆడవాళ్లు ఖామోష్‌లు మాత్రం వాపసు ఇవ్వలేదు, ఆకుకూరలకు అలవాటు పడ్డారు. షెడ్డులో మిగిలినవాటిని పెద్ద సాబ్ ఖమ్మంలో కోచింగ్ హాస్టళ్లకు అమ్మారు. వార్డెన్లకు అవి తెగ నచ్చాయి, గదిలో ఏ పిల్లవాడు గుసగుసలాడినా బయటికి వినపడుతుందట. నేను గోడ మీద చార్టులో చప్పుడు అన్న మాటను బలహీనతల్లోంచి కొట్టేసి బలాల్లో రాశాను. నా మొదటి ఏడాది జీతం మొత్తం ఆ ఒక్క మాటను ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మార్చినందుకే. ఆ సీజను పాంప్లెట్ మీద ‘పగలు పండుకునేవాళ్ల కూలర్’ అని వేశాం. గనుల కాలనీల్లో సిటీ కంపెనీ తెల్ల కూలర్లు ఒకటీ అరా వెళ్లి, వెళ్లినవి వెళ్లినట్టే వంటింట్లోకి మారాయి. చప్పుడు చేయడం ఎలాగో వాళ్లకు తెలియదు, దానికి మూడు తరాలు పడుతుంది.

అన్నీ నాకే తెలుసనుకుని అందరినీ అడుగుతూ తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ తాగించాలనిపిస్తుంది. నేను ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాను, కొత్త మోడళ్లు ఇప్పుడు నా చేతి మీదుగానే వెళ్తాయి. నాయిన రిటైరై, అమ్మతో కలిసి ఖమ్మంలోనే మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటున్నాడు. ఏ కొత్త కూలర్ తయారైనా మొదటిది ఆయన దగ్గరికే పంపిస్తాను. ఎలా ఉందని మాత్రం అడగను. మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి, ఆయన ఎక్కడ పడుకున్నాడో చూసుకుని వస్తాను.

పోయిన ఎండాకాలం అలాగే వెళ్లాను. గేటు చప్పుడైంది. లోపల ఎవరో గబగబా నడిచినట్టు, మంచం కిర్రుమన్నట్టు వినిపించింది. వెళ్లి చూస్తే నాయిన కొత్త కూలర్ ముందు వెల్లకిలా పడుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గురక పెడుతున్నాడు. మా నాయిన తన జీవితంలో ఎప్పుడూ గురక పెట్టలేదు. చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. నేను మంచం పట్టె మీద కాసేపు కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది, రెప్పల కింద ఆయన కళ్లు కదులుతున్నాయి. మెల్లగా చెప్పులు విప్పి కింద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, షెడ్డుకు వచ్చి ఆ మోడల్ ఆపించాను.